తెరిపి కోనకు ఆ పేరు వచ్చిన విధము

నల్లమల కొండల తూర్పు అంచున, బండమీదిపల్లి గ్రామానికి పడమరగా, రాళ్ళవాగు మలుపు తిరిగే చోట తెరిపమ్మ తల్లి క్షేత్రమున్నది. బస్సు బండమీదిపల్లి వరకే వస్తుంది. అక్కడి నుంచి వాగు వెంట కాలిబాట. ఎండాకాలంలో ఆటోలు కోన మొదటి దాకా వస్తాయి గాని, వానలు పడ్డాక నడవవలసిందే. కొండచరియ ముందుకు చాచుకొని వచ్చి ఇంటి పంచలాగా నిలిచిన చోట, ఆ చరియ కిందనే అమ్మవారు వెలసి ఉన్నది. గోపురం లేదు. గర్భగుడికి మూడు వైపులా కొండే గోడ. నాలుగో వైపు తలుపు లేదు. కోతులు రాకుండా కటకటాల తలుపు చేయించి ఇస్తామని ఒకరిద్దరు భక్తులు ముందుకు వచ్చినా పెద్దలు ఒప్పుకోలేదు.

తెరిపి అంటే మన వైపు అందరికీ తెలిసిన మాటే. విడవకుండా పడుతున్న వాన కాసేపు ఆగితే "వాన తెరిపిచ్చింది" అంటాము. ఆ మాటే ఈ తల్లికీ, ఈ కోనకూ పేరయినది. ఆమె దగ్గరికి సంతానం కోసం, పంటల కోసం వచ్చేవారూ ఉన్నారు. కాని ముఖ్యంగా ఇక్కడికి వచ్చేది తమ మనసు తమ మాట విననివారు, వారి వలన దెబ్బతిన్నవారు.

లోగడ అచ్చయిన చిన్న పుస్తకంలో ఈ కథను "దురలవాటుకు లోనైన ఒక వర్తకుడు" అని ఒక్క ముక్కతో దాటవేశారు. ఆడవాళ్ళు చదువుతారు, పిల్లలు చదువుతారు అని ఆనాటి పెద్దల మొహమాటం. అయితే అదే బాధతో వచ్చినవారు, ఈ తల్లి తమ మొర వింటుందో వినదో తెలియక, వాగు దాటకుండానే తిరిగిపోతున్నారని మాకు తెలిసింది. అందువలన ఈ ప్రతిలో దాచకుండా రాస్తున్నాము. ఆ వర్తకుని బాధ కామము. కామమంటే ఆలుమగల మధ్య ఉండే ఇష్టం కాదు. వద్దనుకుంటూనే పోవడం, పోయివచ్చి ఏడవడం, ఆ ఏడుపు ఆరకముందే మళ్ళీ బయలుదేరడం. ఆయన పడినది అది.

పూర్వం ఇక్కడ ఉప్పుదారి ఉండేది. సముద్రపు ఒడ్డున కొఠారులనే మడులలో పండిన ఉప్పును ఎద్దుల మీద వేసుకొని, కనుమ దాటించి, పడమటి సీమలో అమ్మేవారు. అలాంటి ఎద్దుల బిడారు ఒకదానికి నాగినేడు అనే ఆయన పెద్ద. మాటమీద నిలిచే మనిషి. దారిలో కాలు విరిగిన ఎద్దును వదలి ముందుకు పోయినవాడు కాదు. కొలతలో మోసం చేసినవాడు కాదు. భార్య పేరు వీరసాని. వారికి ఒక్కతే కూతురు, నీలక్క. ఇల్లు వాగుకు ఇవతలి ఒడ్డున, కనుమ కింద ఉన్న ఊరిలో.

ఆ నాగినేడుకు మజిలీ చేరిన ప్రతిచోటా ఒక ఇల్లు ఉండేది. పనివాళ్ళు ఎద్దుల మీది పెరిక సంచులు దించి వంట మొదలుపెట్టే వేళకు ఆయన కాళ్ళు ఆగేవి కావు. ఏదో పని ఉన్నట్టు లేచి ఊరిలోకి పోయేవాడు. ఒక ఇల్లు చాలక మరొక ఇంటికి పోయిన రోజులున్నవి. తెల్లవారి బిడారు కదిలేటప్పుడు ఎవరి ముఖమూ చూడకుండా ముందు నడిచేవాడు. ఆ పూట ఎద్దును కూడా అదిలించడు. ఇక పోనని మనసులో ఒట్టు పెట్టుకునేవాడు. తరువాతి మజిలీ దాకా ఆ ఒట్టు నిలిచేది.

వాగుకు అవతల పేరూరు పేట. అక్కడ కుందసాని అనే భోగస్త్రీ ఇంటికి ఆయన తరచుగా పోయేవాడు. ఒకనాడు ఆమె ఆయనను గుమ్మంలోనే నిలిపి అడిగింది.

"నాయకా, కళ్ళు మూసుకో. ఇప్పుడు చెప్పు. నా బుగ్గమీద ఒక మచ్చ ఉంది. కుడివైపా, ఎడమవైపా?"

నాగినేడు కళ్ళు మూసుకున్నాడు గాని చెప్పలేకపోయాడు.

"నువ్వు వచ్చేది నా కోసం కాదు. దేన్ని చూసో పారిపోతున్నావు. నా ఇల్లు దారిలో ఉంది కాబట్టి ఇందులో దూరుతున్నావు. అదేమిటో ఒకసారి ఆగి చూడు. నాకు రావలసింది నాకు వస్తూనే ఉంది, నేను చెప్పవలసిన మాట కాదిది. అయినా చెపుతున్నాను."

ఆ మాట ఆయనకు కోపం తెప్పించింది. ఆ పూట ఇంకొకరి ఇంటికి పోయాడు.

ఇలా ఉండగా నీలక్కకు విషజ్వరం వచ్చినది. చెవి వెనుక వాపు లేచి పిల్ల ఒకటే మూలుగు. పేరూరులో మంచి వైద్యుడు ఉన్నాడు. వీరసాని మగని చేతికి గొడుగు ఇచ్చి, "పొద్దు వాలేలోగా ఆయనను వెంటబెట్టుకొని రావయ్యా. ఆయన రాలేకపోతే మందయినా తే" అని పంపింది. నాగినేడు నిజంగా వైద్యుని కోసమే బయలుదేరాడు. పిల్ల మీద ఆయనకు ప్రాణం. కాని భయం ఎక్కువయ్యేకొద్దీ గుండెలో ఏదో ఖాళీ అయినట్టు, కాళ్ళు తమంత తామే పోతున్నట్టు అయినది. వైద్యుని వీధికి పోవలసినవాడు పక్క వీధిలోకి మళ్ళాడు. ఒక్క క్షణం కూర్చుని పోదామనుకున్నాడు. వైద్యునితో ఆయన ఇల్లు చేరేసరికి మరునాడు మధ్యాహ్నమయినది.

పిల్ల బతికింది. చెవులు పోయినవి.

మగని ఉత్తరీయానికి అంటిన గంధపు వాసన వీరసానికి తెలియకపోలేదు. పిల్ల లేచి తిరిగే వరకు ఒక్క మాట అనలేదు. తిరగడం మొదలుపెట్టిన రోజున దాన్ని చంకనెత్తుకొని పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు కూడా తిట్టలేదు. "పిల్లకు ఏమని చెప్పమంటావు?" అని మాత్రం అడిగింది.

ఇంత జరిగాక మానేసి ఉంటాడని చదివేవారు అనుకుంటారు. మానలేదు. ఎక్కువయినది. సిగ్గు ఎక్కువయ్యేకొద్దీ దాన్ని మరిచిపోవడానికి అదే దారి పట్టాడు. మధ్య మధ్య శివాలయాలలో అరచేతిలో కర్పూరం వెలిగించుకొని ప్రమాణాలు చేశాడు. మండలాల తరబడి ఉపవాసమున్నాడు. కటిక నేల మీద పడుకున్నాడు. అన్నీ రహస్యంగానే. ఏ గుడిలో ఏ ఒట్టు వేసుకున్నాడో మరొక మనిషికి తెలియదు. అందువలన తప్పినప్పుడూ ఎవరికీ తెలియలేదు. దేవుడు తనను వదిలేశాడని నాగినేడు అనుకున్నాడు.

ఆ ఏడు వానాకాలంలో ఒకనాటి ఉదయం, బిడారును కనుమ కిందనే దించి, పేరూరులో మజిలీకి చోటు చూసి వస్తానని పనివాళ్ళతో అబద్ధమాడి, ఒక్క ఎద్దు మీద కుందసానికి ఇవ్వడానికి ఉప్పు వేసుకొని బయలుదేరాడు. కోన మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆకాశం చిల్లు పడినట్టు వాన. చూస్తుండగానే రాళ్ళవాగు పొంగి దారి మునిగినది. ఎద్దును తోలుకొని చరియ కిందకు చేరి, ఉప్పు పెరికను వెనుకనున్న నాచు పట్టిన బండ మీదకు దించాడు.

అక్కడ అప్పటికే ఒక ముసలిది ఉన్నది. పేరు సుంకమ్మ. మేకలు కాచుకునే ఆమె. మేకలన్నీ ఒక మూల ముడుచుకొని ఉన్నవి. ఒకటి మాత్రం నేల మీద పడి కాళ్ళు కొట్టుకుంటున్నది.

"ఎవరో గాని వచ్చినావు నాయనా, ఇట్ట రా. ఇది ఈనతా ఉండాది. పిల్ల అడ్డం తిరిగింది. నాకు చేతుల్లో బలం లేదు. దీన్ని గట్టిగా పట్టుకో."

నాగినేడు వాగు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఒళ్ళు కాగుతున్నది. నోరు ఎండిపోయినది. నీళ్ళు నడుముల్లోతు ఉన్నా దిగుదామని ఒక అడుగు వేశాడు.

"యాడికయ్యా? ఆ వాగులో ఏనుగు కూడా నిలవదు. ఇది చచ్చిపోతాది, పట్టుకోమంటే!"

వెనక్కి వచ్చి మేక ముందర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సుంకమ్మ చెప్పినట్టు మేక నడుము పట్టుకున్నాడు. లోపల కోరిక తోస్తూనే ఉన్నది. లేచి పొమ్మన్నది. పోకపోతే ప్రాణం పోతుందన్నది. ఆయన లేవబోయినప్పుడల్లా మేక అరిచేది, సుంకమ్మ కసిరేది. చాలాసేపటికి పిల్ల కాలు దొరికింది. ఇద్దరూ కలిసి మెల్లగా తిప్పి లాగితే జారి ఆయన ఒడిలో పడ్డది. ఊపిరి లేదు. సుంకమ్మ ముక్కులో గడ్డిపోచ పెట్టి కదిలిస్తే తుమ్మి కళ్ళు తెరిచింది.

అప్పటికి వాన ఆగినది. ముసలిది బయటికి తొంగిచూసి, "తెరిపిచ్చిందయ్యా. పోయేవాడివైతే ఇప్పుడే పో. మళ్ళా కమ్ముకుంటాది" అన్నది.

నాగినేడు వాగును చూశాడు. ఇందాక ఎంత ఉధృతంగా వచ్చిందో అంత వేగంగానూ తీస్తున్నది. తన లోపల చూసుకున్నాడు. అక్కడా తీసిపోయినది. పోకపోతే చచ్చిపోతానని చెప్పిన కోరిక, తాను పోకపోయినా, తనను చంపకుండానే దాటిపోయినది. పుట్టి బుద్ధి ఎరిగిన తరువాత అది దాటిపోవడం ఆయన చూడలేదు. ఎన్నడూ అంతసేపు ఆగి ఉండలేదు గనుక.

ఆయన కదలకపోవడం చూసి ముసలిది, "ఏం నాయనా, ఇంటికాడ ఎవరుండారు? అమ్మ ఉండాదా?" అని అడిగింది. ఏ ముసలమ్మ అయినా అడిగే మాటే. నాగినేడుకు ఏడుపు వచ్చినది.

తల్లి గత్తర జబ్బుతో పోయినప్పుడు ఆయన చిన్నపిల్లవాడు. పాడె లేచిన రోజే మేనమామ తన బిడారులో ఎక్కించుకొని పోయాడు. "మగపిల్లాడివి, ఏడవకు" అన్నారు. ఏడవలేదు. చీకటి పడి మజిలీలో అందరూ ఎవరి గుంపులో వారు చేరినప్పుడు, పెరికల మధ్య పడుకొని గుండె మీద చేయి ఒత్తుకునేవాడు. పెద్దవాడైన తరువాత, ఒక మనిషి పక్కన ఉన్నంతసేపు ఆ గుండెలో బరువు తెలియకుండా పోతుందని కనుక్కున్నాడు. ఆ కాసేపటి కోసమే ఇన్నేళ్ళూ తిరిగాడు. ఇదంతా చెప్పాడు. నీలక్క చెవుల సంగతీ చెప్పాడు. అది చెప్పేటప్పుడు తల దించుకోలేదు, దాచుకోలేదు.

సుంకమ్మ ఈనిన మేకకు ఒళ్ళు తుడుస్తూ విన్నది. పాపం అనలేదు, ఛీ అనలేదు. చివరకు, "ఇసుమంటి యవ్వారాలు నాకు తెలవవయ్యా. నువ్వు సెప్పినావు, నేనిన్నా. రేపు గూడా బుద్ధి పుడితే రా, ఇంటా" అన్నది.

ఆయన మరునాడు వచ్చాడు. ఈలోగా చరియ నుంచి కారిన నీటికి, ఆయన మరచి వదిలిపోయిన పెరికలోని ఉప్పు కరిగి బండమీద పారినది. మేకలు ఆ ఉప్పుకోసం బండను నాకినవి. నాచంతా పోయి లోపలి రాయి బయటపడినది. నుదురు, రెండు కళ్ళు, ముక్కు, కాస్త తెరిచిన పెదవులు. ముసలిది ముక్కుమీద వేలేసుకొని నిలబడి ఉన్నది. "ఇన్నేళ్ళు ఈ బండకే నడుము ఆనిచ్చినా. ముఖం ఉండాదని ఎరగను" అన్నది. నేటికీ మనము చూసే మూలమూర్తి అదే. ఉలి తగలలేదు.

ఆ రాత్రి తెల్లవారుజామున నాగినేడుకు కలలో తడిచీర కట్టిన ఒక స్త్రీ కనబడి ఇలా చెప్పినదని పెద్దలు చెపుతారు. "కోరికను తీసివేయమని నన్ను అడగకు. ప్రాణమున్నచోట దానిని పెట్టినది నేనే. నీకు తెరిపి ఇస్తాను. అది లేచినప్పటికీ నువ్వు కదిలినప్పటికీ నడుమ కాస్త చోటు చేస్తాను. ఆ చోటులో ఒంటరిగా ఉండకు. నా ఇంటికి తలుపు పెట్టకు. తలుపు మూసుకున్నచోట నేను ఉండలేను."

నాగినేడు చరియ కింద దీపం పెట్టాడు. బిడారు కనుమ దాటే ప్రతిసారీ అక్కడ ఆగి, జరిగింది జరిగినట్టు సుంకమ్మకు చెప్పేవాడు. కొన్ని నెలలు బాగానే నడిచినది. తరువాత ఒకసారి పడమటి సీమలో, ఎద్దుకు జబ్బు చేసి బిడారు నిలిచిపోయిన రోజుల్లో, మళ్ళీ పడ్డాడు. ఇక ఏ ముఖంతో పోయేదని కోన దారి వదిలి చుట్టుదారిన తిరిగాడు. అలా తిరిగినన్నాళ్ళూ మునుపటి కంటే హీనంగా బతికాడు. చివరకు తన పనివాళ్ళలో కాటయ్య అనేవాడు, తానూ అదే బాధలో ఉన్నానని, ఎవరికి చెప్పుకోవాలో తెలియడం లేదని ఆయన దగ్గర కంటతడి పెట్టుకున్నాడు. కాటయ్యను కోనకు తీసుకొని పోవలసి వచ్చి తానూ పోయాడు.

సుంకమ్మ కోపంగానే ఉన్నది. "పడినందుకు గాదయ్యా నా కోపం. రాకుండా పోయినందుకు. పడినోడు యాడికి పోవాల? ఈడికి గాదూ?"

నాటి నుంచి ముగ్గురయ్యారు. ఆ నోటా ఈ నోటా విని ఇంకొందరు వచ్చారు. ఒకరు చెప్పేవారు, మిగిలినవారు వినేవారు. నాగినేడు ఆ తరువాత పడలేదని కొందరు, ఒకటి రెండుసార్లు పడ్డాడని కొందరు చెపుతారు. ఏమయినా కోనకు రావడం మాత్రం మానలేదు.

కొంతకాలానికి ఈ వార్త వీరసాని పుట్టింటికి చేరినది. ఆమె కూతురిని వెంటబెట్టుకొని ఒక ఉదయం వాగు దాటి వచ్చింది. నీలక్క అప్పటికి ఎదిగినది. చరియ కింద కూర్చున్నవారు లేచి చోటిచ్చారు. నాగినేడు భార్య కాళ్ళ మీద పడబోయాడు.

"లేచి కూర్చో" అన్నది వీరసాని. "నువ్వు మారావని వినిపోవడానికి నేను రాలేదు. ఇక్కడ నీ కష్టం అందరూ విన్నారంట. నాకు ఏమయిందో ఎవరూ వినలేదు. నేను చెపుతాను, నువ్వు విను. మధ్యలో ఏడవకు. నువ్వు ఏడిస్తే నేను ఓదార్చవలసి వస్తుంది. నాకు ఓపిక లేదు."

ఆమె చాలాసేపు మాట్లాడింది. మగడు రాని ఆ రాత్రి పిల్ల ఒళ్ళు కాలుతుంటే తడిబట్ట వేస్తూ వాకిలి చూసిన సంగతి, తనలో ఏం తక్కువయిందోనని అద్దం ముందు నిలబడిన సంగతి, పిలిస్తే పలకని కూతురిని ఊరి పిల్లలు వెక్కిరించిన సంగతి. నాగినేడు విన్నాడు. తనను సమర్థించుకునే మాట నోటి దాకా వచ్చినప్పుడల్లా మింగుకున్నాడు. ఆమె ముగించాక, "విన్నాను" అన్నాడు.

అప్పుడు నీలక్క తండ్రి ముందుకు వచ్చి కూర్చున్నది. మాట వినబడకపోయినా, గొంతు మీద చేయి ఆనించి, పెదవులు చూసి, ఇంటివాళ్ళు చెప్పేది గ్రహించడం ఆమె నేర్చుకున్నది. తన చెవి చూపించి, వేలు తిప్పి, ఎందుకు అని అడిగింది. ఇన్నేళ్ళూ ఎవరూ ఆమెకు చెప్పలేదు. జ్వరం వచ్చిందని, దేవుడు రాశాడని చెప్పారు. నాగినేడు భార్య వైపు చూశాడు. వీరసాని తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు.

కూతురి చేయి తీసి తన గొంతు మీద పెట్టుకొని, ఆ రోజు తాను ఎక్కడికి పోవలసి ఎక్కడికి పోయాడో ఒక్కొక్క మాటే నిదానంగా చెప్పాడు. మందు ఆలస్యం కావడానికి తానే కారణమని చెప్పాడు. నీలక్క మొత్తం విన్నది. విని చేయి తీసేసుకొని లేచి వాగు ఒడ్డుకు పోయి, అవతలికి చూస్తూ కూర్చున్నది. సాయంకాలం దాకా రాలేదు. ఆయన పిలవలేదు, వెనక పోలేదు. పొద్దు వాలుతుండగా తనంత తానే వచ్చి, తల్లి పక్కన కాకుండా, తల్లికీ తండ్రికీ మధ్య కూర్చున్నది.

వీరసాని మగని ఇంటికి వెంటనే తిరిగి పోలేదు. కోన కింద ఒక గుడిసె వేసుకొని కూతురితో కాపురమున్నది. నాగినేడు ఉప్పు వ్యాపారం కాటయ్యకు అప్పగించి దగ్గరలోనే మరొక గుడిసె వేసుకున్నాడు. కొన్నేళ్ళ తరువాత ఆ రెండు గుడిసెల మధ్య దడి తీసివేశారని చెపుతారు. ఎప్పుడు తీశారో, ఎవరు ముందు తీశారో ఎవరికీ తెలియదు. సుంకమ్మ కాలం చేశాక దీపం పెట్టే పని నీలక్క తీసుకున్నది. నేటికీ తల్లి సేవ ఆమె వంశంలోని ఆడవారిదే.

ప్రతి అమావాస్య తరువాత వచ్చే ఆదివారం ఉదయం, అభిషేకం అయ్యాక, భక్తులు చరియ కింద గుండ్రంగా కూర్చుంటారు. ముందుగా దెబ్బతిన్నవారు మాట్లాడతారు. ఆ తరువాతే దెబ్బకొట్టినవారు. వేరొకరి పేరు ఎత్తకూడదు. చెప్పేవారికి అడ్డం తగలకూడదు, నీతులు చెప్పకూడదు. ముగించినప్పుడు అందరూ "విన్నాము" అంటారు. అక్కడ విన్నది వాగు దాటించకూడదు. మాట రానివారు ఊరకే కూర్చున్నా చాలు. తల్లికి ఉప్పు నైవేద్యం. ముడుపులు, తలనీలాలు లేవు. వైద్యుల దగ్గర మందులు వాడుకుంటున్నవారు, ఇక్కడికి వస్తున్నామని ఆ మందులు ఆపవద్దని మనవి. నాటి సుంకమ్మ మేకకు చేయవలసినది చేయకుండా దండం పెట్టి కూర్చోలేదు.

తల్లిని నమ్మినవారికి కోరికలు నశిస్తాయని మేము రాయము. ఆగడానికి చోటు దొరుకుతుందని, ఆ చోటులో పక్కన మనిషి ఉంటాడని మాత్రం మా తాతముత్తాతల నాటి నుంచి చూస్తున్నాము.

కిందటి శ్రావణంలో ఒకాయన వచ్చి, చెప్పులు చేతిలో పట్టుకొని, ఉదయం నుంచి ఒక పక్కన నిలబడే ఉన్నాడు. ఎక్కడివారని పూజారమ్మ అడగలేదు. ప్రసాదం పెడితే తీసుకొని వెళ్ళిపోయాడు. మరుసటి నెల వచ్చి కూర్చున్నాడు గాని మాట్లాడలేదు. కార్తీకంలో భార్యతో వచ్చాడు. ఆమె ముందు కూర్చున్నది, ఆయన వెనుక. ఆమె చీర కొంగు సర్దుకొని, గొంతు సవరించుకొని, "నేను చెపుతాను" అన్నది.